గోడ ఇవతల పొగ లేదు

మా కంపెనీకి పర్యావరణం మీద ప్రేమ ఒక బుధవారం మధ్యాహ్నం, భోజనాల తర్వాత పుట్టింది. అంతకు ముందురోజు మా చిప్పులు కొనే విదేశీ సంస్థవారు ఒక కబురు పంపారు. ఇకమీదట హరిత ప్రమాణ పరిషత్తు దగ్గర 'అడవి' హోదా పొందిన కంపెనీల సరుకే కొంటామని, మిగతావాళ్లకు ఒక నమస్కారమని. దాంతో మా మేనేజింగ్ డైరెక్టర్ ప్రద్యుమ్నగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. బుధవారం మమ్మల్నందరినీ సమావేశపరిచి, భూమాత మనందరికీ తల్లి అని, ఈ సంగతి తనకు చిన్నప్పటి నుంచీ తెలుసని చెప్పారు.

తల్లి సేవకు ఒక మనిషి కావాలి. నేను అప్పటికి సేఫ్టీ ఆఫీసర్‌ని. సమావేశం ముగిశాక అలవాటుకొద్దీ ఫ్యాను స్విచ్చి ఆపి బయటికి వస్తుంటే ప్రద్యుమ్నగారి కంట పడ్డాను. "పర్యావరణం నీ రక్తంలోనే ఉందయ్యా ముకుందం" అన్నారు. సాయంత్రానికల్లా నా గది తలుపుకి 'సుస్థిరతా విభాగాధిపతి' అని ఆకుపచ్చ అక్షరాల బోర్డు బిగించారు. సేఫ్టీ పని కూడా నేనే చూసుకోవాలి. జీతం మాత్రం పాతదే.

మాది తిరుపతి దాటాక, తమిళనాడు వైపు పోయే రోడ్డు మీద ఉన్న పారిశ్రామికవాడ. అక్కడ మేం సెమీకండక్టర్ చిప్పులు తయారుచేస్తాం. గోరంత సిలికాన్ ముక్క మీద వెంట్రుక కన్నా సన్నటి గీతలు చెక్కాలి. అది ఉలితో అయ్యే పని కాదు, వాయువులతో చెక్కుతారు. ఆ వాయువుల్లో కొన్ని పొగగొట్టంలోంచి తప్పించుకుపోయాయంటే వేల ఏళ్లపాటు ఆకాశంలో తిష్ఠవేసి భూమిని ఉడకబెడతాయి. ఒక్క సిలిండరు చేసే చేటు లారీల కొద్దీ బొగ్గు చేయలేదు. ఇవి చాలవన్నట్టు పగలూ రాత్రీ తిరిగే ఏసీలు, జనరేటర్లు, ఒక బాయిలరు. తల్లికి మేం అప్పటిదాకా చేస్తూ వచ్చిన సేవ ఇది.

నా కొత్త బోర్డు బిగించిన మర్నాడే మునిలక్ష్మి వచ్చింది. ఆమె వాయువుల సెక్షన్‌లో ఆపరేటరు. గర్భిణులు అక్కడ పనిచేయకూడదని రూలు, వాళ్లను వేరేచోటికి మార్చడం సేఫ్టీ ఆఫీసర్ పని.

"సార్, నాకు మూడో నెల. సెక్షన్ మార్చాలంట గదా" అంది.

"మైక్రోస్కోపుల దగ్గరికి మారుస్తాను. కూర్చుని చేసే పనే" అన్నాను.

ఆమె కదల్లేదు. "సెక్షన్ మారితే కాన్పు సెలవు పోదు గదా సార్?"

"ఎందుకు పోతుంది? నువ్వు కంపెనీ పర్మనెంటు మనిషివి."

"మొదటి కాన్పప్పుడు నేను యేరే కంపెనీలో కాంట్రాక్టు కింద ఉన్న్యా సార్. నెల తిరక్కుండానే పన్లోకి ఎక్కినా. ఈడ పాలు పొంగి నా జాకెట్టు తడిసిపోతాంటే, ఆడ పాపకు మా అత్త గంజినీళ్లు పట్టేది. ఈ తూరి బిడ్డను ఆరు నెల్లు నా దగ్గరే పెట్టుకోవాల. పర్మనెంటు అయినాకనే రెండో బిడ్డ అని నేనూ మా ఆయన అనుకోని ఆగినాం సార్."

"నిశ్చింతగా ఉండు. నీ సెలవు ఎక్కడికీ పోదు" అని మాటిచ్చాను. సెలవు ఎక్కడికీ పోదు, నిజమే. కంపెనీయే ఎక్కడికైనా పోవచ్చునన్న ఆలోచన నాకప్పుడు రాలేదు.

పరిషత్తు తరఫున మమ్మల్ని మదింపు చేయడానికి డాక్టర్ మార్తాండంగారు వేంచేశారు. ఖద్దరు లాల్చీ, భుజానికి గోనెసంచి, కింద పెద్ద డీజిల్ కారు. ఆయన మాట్లాడితే అచ్చయిన కాగితం మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఫ్యాక్టరీ అంతా తిరిగి, పొగగొట్టం కేసి చాలాసేపు జాలిగా చూసి, మాకు 'ఎండుటాకు' హోదా ఇచ్చారు. పరిషత్తు మెట్లలో అన్నిటికన్నా కిందది అదే. దాని పైన మొలక, ఆ పైన మొక్క, మాను, చివరికి అడవి.

ప్రద్యుమ్నగారు ముఖం వేలాడేసుకుని, "దీనికి తరుణోపాయం ఏమిటి డాక్టర్‌గారూ?" అని అడిగారు.

"మదింపునకు ప్రథమ సూత్రం సరిహద్దు నిర్ధారణ" అన్నారు మార్తాండంగారు. "సంస్థ సరిహద్దు లోపల వెలువడిన ఉద్గారం సంస్థకు చెందును. వెలుపల వెలువడినది చెందదు."

"సరిహద్దంటే?"

"కంటికి కనిపించునది. ఇటుకతోగాని రాతితోగాని కట్టినది. ఆరడుగుల ఎత్తుకు తగ్గరానిది. కాగితం మీది గీతలను పరిషత్తు గుర్తించదు. పూర్వం కొన్ని సంస్థలు కాగితం మీద మోసగించినవి. అందుచేత మేము కఠినంగా వ్యవహరిస్తున్నాము."

"అంటే మా కాంపౌండు గోడన్నమాట."

"ప్రస్తుతానికి."

ఆ 'ప్రస్తుతానికి' వినగానే ప్రద్యుమ్నగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "మా జనరేటర్లు గోడకు అవతల ఉన్నాయనుకోండి, అప్పుడు?"

"అవి మీ పొరుగువారివి అగును."

"ఆ పొరుగువారెవరు?"

"అది పరిషత్తు పరిధిలోని ప్రశ్న కాదు."

జనరేటర్లు కదిలే రకం కావు. ఒక్కొక్కటి ఏనుగంత ఉంటుంది. కాబట్టి గోడనే కదిలించాలని నిర్ణయం జరిగింది. చెంగల్రాయుడు అనే మేస్త్రీని పిలిపించారు. జనరేటర్లకూ ఫ్యాక్టరీకీ మధ్య గోడ లేపమంటే ఆయన దారం పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"ఇదేంది సార్, మన జాగాలో మనకే అడ్డం కట్టుకుంటాండాం? అన్నదమ్ములు భాగాలు పంచుకున్న్యారా?" అని నన్నడిగాడు.

"కాదు మేస్త్రీ, భూమాత కోసం."

"అట్నా. భూమాతకు ఎన్ని లోడ్లు ఇటుక తెప్పించమంటారు?"

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ఇటుక కాల్చాలన్నా సిమెంటు చేయాలన్నా బోలెడంత పొగ. ఆ పొగ ఎవరి లెక్కలోకి పోతుంది? మార్తాండంగారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "గోడే సరిహద్దు. సరిహద్దు లోపలా ఉండదు, వెలుపలా ఉండదు. కావున గోడకు ఉద్గారం లేదు" అని సెలవిచ్చారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు.

గోడ లేచింది. జనరేటర్లు 'పొరుగు పవర్ ప్రైవేట్ లిమిటెడ్' అనే సంస్థవి అయ్యాయి. దాని డైరెక్టరు ప్రద్యుమ్నగారి బావమరిది. కరెంటు తీగ మాత్రం గోడ మీంచి యథాప్రకారం ఇటే వచ్చేది. జనరేటర్ల దగ్గర పనిచేసేవాళ్ల ఆకుపచ్చ గుర్తింపు కార్డులు వెనక్కి తీసుకుని పసుపు కార్డులు ఇచ్చారు. కొత్త కార్డు అంటే కొత్త కంపెనీ. సర్వీసు మొదటి నుంచి లెక్క. సిబ్బంది విభాగం అధిపతి హైందవి మేడం వాళ్లకు చాలా ఓపికగా నచ్చజెప్పారు.

"మేము ఎవరినీ తొలగించడం లేదండీ. మీ చుట్టూ ఉన్న సంస్థను మాత్రమే ఉపసంహరించుకుంటున్నాం."

ఇంకొక చిక్కు ఉంది. ఒకే పొరుగువాడు మూడు నెలలకు మించి పొరుగున ఉంటే వాడు బంధువు కింద లెక్క అట, వాడి పొగ మనకు అంటుకుంటుందట. అది పరిషత్తు నియమం. కాబట్టి మూడు నెలలకోసారి పొరుగు కంపెనీ పేరు మారాలి. పసుపు కార్డులు పోయి నీలం కార్డులు, నీలం పోయి గులాబీ రంగువి. మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ మొదటికి వస్తుంది. గోడ అవతలికి వెళ్లిన మనిషికి మూడు నెలలు నిండడమన్నది ఇక ఉండదు. ఏ సెలవుకూ అర్హత రాదు.

పరిషత్తు మమ్మల్ని మొలకగా గుర్తించింది. ఆ సందర్భంగా కేకు కోశాం. కేకు గోడ అవతల కాల్చినదే.

తర్వాత బాయిలరు అవతలికి పోయింది. ఆ తర్వాత వాయువుల సెక్షన్ పోయింది. పొగగొట్టం ఉన్నచోటే ఉండి, ఎప్పటిలాగే ఊదుతూ, ఎవరిదో అయింది. మేం మొక్క అయ్యాం. మునిలక్ష్మి అప్పటికే మైక్రోస్కోపుల దగ్గరికి మారింది కాబట్టి ఆకుపచ్చ కార్డుతోనే మిగిలింది. ఒకరోజు క్యాంటీన్‌లో కనిపించి, "మీరు ఆపొద్దు మార్చబట్టి సరిపోయింది సార్" అంది. నేను పెద్ద ఘనకార్యం చేసినవాడిలా తలూపాను.

మైక్రోస్కోపులుండేది క్లీన్ రూమ్‌లో. అందులోకి పోవాలంటే నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల సూటు తొడగాలి. ముఖానికి పౌడరు రాసుకుంటే రానివ్వరు. ఒక్క దుమ్ము రేణువు పడితే చిప్పు పోయినట్టే. అందుకని ఆ గది గాలిని రాత్రింబవళ్లు వడగడుతూ, చల్లబరుస్తూ ఉండాలి. కంపెనీ మొత్తంలో కరెంటు ఎక్కువగా తాగేది ఆ గదే. మార్తాండంగారు దాన్ని చూసి, "మాను కావలెనన్న ఇది అడ్డు" అన్నారు.

అయితే గదిని మొత్తంగా వదిలేయడానికి కూడా వీల్లేదు. సెమీకండక్టర్ సంస్థ అనిపించుకోవాలంటే చిప్పు కనీసం ఒక్కసారన్నా సరిహద్దు లోపలికి రావాలట. అందుచేత గది చివర ఉన్న ప్యాకింగ్ బల్ల ఒక్కటీ మాకు ఉంచుకుని, మిగిలినదంతా అవతల పడేలా క్లీన్ రూమ్ మధ్యలో గోడ కట్టాలని తీర్మానించారు.

చెంగల్రాయుడికి తెల్ల సూటు తొడిగారు. తాపీకి కూడా ప్లాస్టిక్ సంచి తొడిగారు. నలుగురు కూలీలు, నలుగురికీ తెల్ల సూట్లు, నెత్తి మీద ఇసుక తట్టలు.

"ఇదేంది సార్, ఆసుపత్రి మాదిరి ఉండాదే. ఈడ సిమెంటు కలపమంటారా?" అన్నాడు మేస్త్రీ మాస్కులోంచి.

"కలుపు. కానీ దుమ్ము లేవకూడదు."

"దుమ్ము లేయకుండా సిమెంటు బస్తా ఎట్ట ఇప్పేది సార్?"

బస్తా విప్పారు. గది తెల్లగా మారింది. గోడలకున్న దుమ్ము మీటర్లన్నీ ఒకేసారి కూయడం మొదలుపెట్టాయి. క్వాలిటీ మేనేజరు కింద చతికిలబడి, ఆ నెల తయారైన చిప్పులన్నీ చెత్తకుప్పకేనని నెత్తి పట్టుకున్నాడు. ప్రద్యుమ్నగారు మాత్రం చలించలేదు.

"పాడైన సరుకు గోడకు ఎటు ఉంది?" అని అడిగారు.

"అవతల సార్."

"అయితే ఆ చెత్త మనది కాదు. వ్యర్థాల నిర్వహణలో మనకు మార్కులు పెరుగుతాయి."

నిజంగానే పెరిగాయి.

గోడ లేచే ముందు రోజు నేను పరుగున పోయి మునిలక్ష్మిని మైక్రోస్కోపు దగ్గర్నుంచి ప్యాకింగ్ బల్లకు మార్చాను. ఆమె పక్క మైక్రోస్కోపు మీద పనిచేసే షంషాద్ అవతల ఉండిపోయింది. చిప్పులు ఇటు అందించడానికి గోడలో చిన్న కిటికీ వదిలారు. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లిద్దరూ ఇప్పుడు ఆ కిటికీలో చేతులు పెట్టి డబ్బాలు మార్చుకుంటున్నారు. ఒకరి కార్డు ఆకుపచ్చ, ఒకరిది పసుపు. షంషాద్‌కు అప్పటికింకా నెల తప్పలేదు. అందుకని ఆ రంగు తేడాను వాళ్లిద్దరూ పెద్దగా పట్టించుకోలేదు.

మార్తాండంగారు వచ్చి కిటికీ దగ్గర నిలబడి చేయి చాచారు. "చల్లగా ఉన్నది" అన్నారు. "ఇది పొరుగువారి చల్లదనం. మీరు దిగుమతి చేసుకొనుచున్నారు." వారంలోపే ఆ బల్ల కూడా అవతలికి పోయింది. చిప్పు సరిహద్దు లోపలికి రావాలన్న నియమం కోసం ఒక చిప్పును అద్దాల పెట్టెలో పెట్టి రిసెప్షన్‌లో ఉంచాం. అది చాలునన్నారు.

మునిలక్ష్మిని స్టోరుకు మార్చాను. స్టోరులో లిఫ్టు ఉంది, అది కరెంటు తింటుంది. స్టోరు పోయింది. క్యాంటీన్‌కు మార్చాను. ఇడ్లీ పాత్రల ఆవిరి మార్తాండంగారి కంట పడింది. క్యాంటీన్ పోయింది. గోడ ఎక్కడికి వస్తోందో ముందుగా తెలిసేది నాకే కాబట్టి, ప్రతిసారీ ఒక్కరోజు ముందు ఆమెను ఇవతలికి లాగేవాణ్ణి. పొట్ట ముందుకు వచ్చింది. మెట్లెక్కితే ఆయాసపడుతోంది.

"గోడ నా ఎనకాలే వస్తాంది సార్" అంది ఒకరోజు. "రాత్రిళ్లు కూడా అదే కల. మా ఇంట్లో మంచానికీ ఉయ్యాలకీ నడాన చెంగల్రాయుడు ఇటుకలు పేరుస్తాంటాడు. నాకు నిజం చెప్పండి. సెలవొస్తాదా, రాదా?"

వస్తుందని చెప్పాను. ఈసారి ఆ మాట మీద నాకే నమ్మకం లేదు. చివరికి నా గదిలోనే టెలిఫోను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సుస్థిరతా విభాగాన్ని సుస్థిరత కోసం కంపెనీలోంచి తీసేయరు గదా అన్నది నా ధైర్యం.

మేం మాను అయ్యాం. అడవి కావడానికి ఒక్క అడుగే మిగిలింది. అడవి అంటే సరిహద్దు లోపల ఉద్గారం సున్నా. ప్రద్యుమ్నగారి ఏసీ గది, కారు అడ్డుగా ఉన్నాయి. ఆయన వెనకాడలేదు. త్యాగం పైనుంచే మొదలుకావాలని ప్రకటించి, తన గదితో సహా గోడ అవతలికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి తన కంపెనీకి తానే సందర్శకుడు. మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఎవర్ని కలవాల సార్?"

"నన్నే."

"మీరు లోపల లేరు సార్. నిన్ననే పొయినారు."

ఆయన మెడలో సందర్శకుడి బిళ్ల తగిలించుకుని, మునిలక్ష్మి చూపించిన కుర్చీలో కూర్చుని, తన కంపెనీ ఎంత ప్రశాంతంగా ఉందో చూసి మురిసిపోయారు. ప్రశాంతంగా ఉండక ఏమవుతుంది? అప్పటికి కంపెనీ అంటే నా గది ఒక్కటే. నేను, మునిలక్ష్మి, ఒక మనీప్లాంటు, రిసెప్షన్ నుంచి తెచ్చిపెట్టిన అద్దాల పెట్టెలో చిప్పు.

తుది మదింపుకు మార్తాండంగారు ఒక చిన్న యంత్రం తెచ్చారు. దాన్ని గది మధ్యలో పెట్టి, లైట్లు ఆర్పించి, టెలిఫోను తీగ పీకించి, కిటికీలు మూయించారు. హైందవి మేడం, ప్రద్యుమ్నగారు గుమ్మానికి అవతల నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. యంత్రం మీద అంకె సున్నా దగ్గర ఆగలేదు. మెల్లగా పెరుగుతోంది.

"ఊపిరి" అన్నారు మార్తాండంగారు. "ఉభయులూ బొగ్గుపులుసు వాయువు వదులుచున్నారు."

నన్ను అరగంటలో పొరుగువాణ్ణి చేశారు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. గడప దాటి అవతలికి వచ్చి నిలబడ్డాను, నా చేతికి గులాబీ రంగు కార్డు వచ్చింది. అంకె సగానికి తగ్గింది. ఇప్పుడు లోపల మునిలక్ష్మి ఒక్కతే ఉంది. మార్తాండంగారు ఆమె పొట్ట వంక చూసి నొసలు ముడిచారు.

"వచ్చే నెలలో ఉద్గారకర్తల సంఖ్యలో నూటికి నూరు శాతం వృద్ధి కనబడుచున్నది. ఇది ఆందోళనకరం."

"అయితే ఈవిడ చుట్టూ ఉన్న సంస్థను కూడా ఉపసంహరిద్దామండీ" అన్నారు హైందవి మేడం.

మునిలక్ష్మి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నా కేసి చూసింది.

"అట్లయిన సంస్థలో ఉద్యోగులు శూన్యం" అన్నారు మార్తాండంగారు. "ఉద్యోగి లేని సంస్థకు హోదా ఈయరాదు. కనీసం ఒకరుండవలెను."

ప్రద్యుమ్నగారు వేళ్లు మడిచారు. "అంటే ఒక ఉద్యోగి ఉండాలి. కానీ ఊపిరి పీల్చకూడదు."

"సరిగ్గా అదియే."

హైందవి మేడం, "ప్రాణాయామంలో ఊపిరి బిగబట్టే కుంభకం అని ఒకటుంది కదండీ. దానికి శిక్షణ ఇప్పించవచ్చు. బడ్జెట్ ఉంది" అన్నారు. ప్రద్యుమ్నగారు దాన్ని గంభీరంగా పరిశీలించడం మొదలుపెట్టారు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఆలోచన కూడా వచ్చింది.

"డాక్టర్‌గారూ, సెలవులో ఉన్న ఉద్యోగి, ఉద్యోగేనా?" అని అడిగాను.

"నిస్సందేహముగా."

"ఆ మనిషి ఊపిరి ఎక్కడ పీలుస్తుంది?"

"స్వగృహమున."

"స్వగృహం మా సరిహద్దు లోపల ఉందా?"

మార్తాండంగారు కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "సుస్థిరతా దృష్టితో చూచినచో సెలవులో ఉన్న ఉద్యోగియే పరిపూర్ణ ఉద్యోగి. ఈ సంగతి పరిషత్తుకు ఇంతవరకు తట్టలేదు" అన్నారు.

మునిలక్ష్మికి సగమే అర్థమైంది. "ఇప్పుడు నాకు సెలవిచ్చినట్టేనా సార్?"

"ఇచ్చినట్టే. ఆరు నెలలు, పూర్తి జీతంతో. వెంటనే బయల్దేరు. నువ్విక్కడ ఉన్నకొద్దీ కంపెనీకి నష్టం" అన్నాను.

ఆమె టిఫిన్ క్యారియర్ తీసుకుని నిదానంగా గడప దాటింది. అంకె సున్నాకి దిగింది. ప్రద్యుమ్నగారు చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, గోడ ఎక్కడుందో చూసుకున్నట్టుంది. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం నాకు సంతోషం కలిగింది. ఉద్యోగం పోయిన రోజున అంత సంతోషం ఎందుకో ఇంట్లోవాళ్లకు చెప్పినా అర్థం కాలేదు.

మార్చిలో అడవి హోదా ప్రదానోత్సవం జరిగింది. కంపెనీ లోపల జరిపితే జనం ఊపిరి పీలుస్తారు కాబట్టి గోడ అవతల షామియానా వేశారు. ఎండ మండిపోతోందని వరుసగా పెద్ద కూలర్లు పెట్టారు. కరెంటు పోతే పొరుగువారి జనరేటర్లు అందుకున్నాయి. వాటి హోరులో ప్రద్యుమ్నగారు మైకు పట్టుకుని గొంతు చించుకున్నారు.

"మా సంస్థ పొగ సున్నా. వ్యర్థం సున్నా. అంతే కాదు, మా సంస్థలోని మహిళా ఉద్యోగులందరికీ, వందకు వంద శాతం, ప్రసవ సెలవు ఇచ్చాం. దేశంలో ఇలాంటి సంస్థ ఇంకొకటి లేదు."

వందల మంది ఆడవాళ్లు గులాబీ రంగు కార్డులు మెడలో వేసుకుని ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడితే ఆ పూట బిర్యానీ పొట్లం ఇస్తామన్నారు. మునిలక్ష్మి సభకు రాలేదు. కొడుకు పుట్టాడని, బిడ్డ రొమ్ము వదలడం లేదని అంతకు ముందే ఫోన్ చేసి చెప్పింది. విదేశీ సంస్థవారు ఆర్డరు రెట్టింపు చేశారు. అవతల కొత్త పొగగొట్టానికి పునాది తీశారు.

ఇక ఒకటే సమస్య మిగిలింది. ఆగస్టులో మునిలక్ష్మి సెలవు అయిపోతుంది. ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంటే ఊపిరి మొదలవుతుంది, అడవి పోతుంది. అందుకని ఆమె వచ్చిన రోజే ఆమెను పొరుగువారికి అప్పగించి, ఆ చోట ఇంకొకర్ని తీసుకోవాలని, వాళ్లను అదే రోజు సెలవు మీద పంపాలని హైందవి మేడం ఏర్పాటు చేశారు. నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించారు. ఉద్యోగం ఒకటి, పర్మనెంటు, మహిళలకు మాత్రమే, ప్రసవం ఆగస్టు మాసంలో ఉండవలెను.

భోజనాల వేళ షంషాద్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేనిప్పుడు అవతలి స్టోరులో సేఫ్టీ చూస్తున్నాను.

"సార్, నాకు ఏడో నెల" అంది. "లచ్చిమికి చేసినట్టు నాకూ ఏమన్నా చేస్తారా? నాది మేలో అంట. ఆ కాయితంలో ఆగస్టు అని ఉండాది."

మేడంతో మాట్లాడతానని చెప్పి వెళ్లాను. మూడు నెలల తేడాయే గదా, ప్రకటనలో తేదీ కాస్త ముందుకు జరపండి అని బతిమాలాను. ఆమె కోప్పడలేదు. ఫైలు మూసి చాలా మర్యాదగా జవాబు చెప్పారు.

"కనడం ఆవిడ వ్యక్తిగత నిర్ణయమండీ. అందులో సంస్థ జోక్యం చేసుకోదు. తేదీ మాత్రం సంస్థది."

తిరిగి వచ్చేసరికి షంషాద్ స్టోరు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. జరగదని చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు. చదువుకున్నవాణ్ణి, నాకు తెలిసి ఉంటుందేమోనన్నట్టు అడిగింది.

"మేలో పుట్టే బిడ్డను ఆగస్టు దాకా ఎట్ట ఆపేది సార్?"

తెలియదన్నాను. ఇంతలో షిఫ్టు సైరన్ మోగింది. షంషాద్ కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకోబోయింది. అవి పొట్ట మీద అందలేదు. వాటిని అలాగే వదిలేసి పనిలోకి వెళ్లింది.